తొంభై నాలుగో వేలిముద్ర

పదకొండో భాగం

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం పాత సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

వనపర్తిలో టీచర్ల కాలనీ వెనక ఏళ్ళ తరబడి పశువులు మేస్తున్న జాగా ఒకటుంది. ఇల్లు లేనివాళ్ళ కోసం అక్కడ నాలుగంతస్తుల ఇండ్లు కడతామని సర్కారు కొలతలు వేసింది. పదహారు బ్లాకులు, ఐదు వందల పన్నెండు కాపురాలు. కాలనీలో ఉన్నవే తొంభై నాలుగు ఇండ్లు. ఉగాది దాటితే బోర్లలో నీళ్ళకంటే గాలే ఎక్కువ వస్తుంది. పెద్ద వాన పడితే మోరీ నీళ్ళు వాకిట్లోకి వస్తాయి. ఇక అంతమంది వస్తే మన గతేమిటని కాలనీ కాలనీ అంతా బెదిరింది.

అందరికంటే ఎక్కువ బెదిరింది నవనీత. ఆమె సంగతి అలాంటిది. కూతురు పద్మజ కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఏదో జరిగిపోయిందంటుంది. భర్త సుదర్శన్ సారు ఆత్మకూరు బడి నుంచి వచ్చే బస్సు కనిపించకపోతే దవాఖానకు ఎవరిని తోడు తీసుకుపోవాలా అని ఆలోచిస్తుంది. చదువు పదో తరగతితో ఆగింది గానీ భయపడటం ఎక్కడా ఆగలేదు.

ఆ భయంతోనే ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇండ్లు వద్దంటూ రాసిన అభ్యంతర పత్రం మీద తొంభై మూడు సంతకాలు పెట్టించింది. మిగిలింది 6-41 నంబరు ఇల్లు. యజమాని హైదరాబాదులో ఉంటాడు, ఇంటికి తాళం. కాలనీ అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు వెంకట్రాములు సారు, "ఒక్క గడి ఖాళీ ఉన్నా మన కాలనీల ఐకమత్యం లేదంటరు" అన్నాడు. ఆ తాళం పడిన ఇంటి వాకిలి ఊడ్చేదీ, చెట్లకు నీళ్ళు పోసేదీ నవనీత ఇంట్లో పనిచేసే రూతమ్మే. ఆ తొంభై నాలుగో గడిలో రూతమ్మ బొటనవేలు పడింది. ఇదేందమ్మా అని ఆమె అడిగితే, "నల్లా నీళ్ళు దినం దినం రావాలని అర్జీ" అంది నవనీత. నిజానికి ఆ ఇండ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో రూతమ్మ కూడా ఉంది.

పోయిన వారం, గురువారం పొద్దున, రూతమ్మ కొంగు ముడి విప్పి నాలుగు మడతల కాగితం తీసి, "మండలాఫీసు నుంచి వచ్చిందమ్మా, జర చదివి చెప్పు" అని ఇచ్చిన చోట ఆగాం.

* * *

నవనీత చదివింది. మొదటిసారి గబగబా చదివింది. రెండోసారి ఒక్కో మాట మీద ఆగి చదివింది.

పిన్నుతో గుచ్చిన రెండు కాగితాలు. పైది నోటీసు. "టీచర్ల కాలనీలో సొంత ఇండ్లు గల నివాసులు సమర్పించిన అభ్యంతర పత్రంలో, వరుస సంఖ్య 94 వద్ద, 6-41 నంబరు ఇంటి నివాసిగా మీరు వేలిముద్ర వేసియున్నందున, మీకు సొంత ఇల్లు కలదని భావించి, ఇల్లు కోరినవారి జాబితా నుండి మీ పేరు తొలగించడమైనది. మీరు చెప్పుకొనునది ఏమైనా ఉన్నచో సోమవారం సాయంత్రంలోగా హాజరు కావలెను." కిందిది ఆ అభ్యంతర పత్రానికే జిరాక్సు కాపీ.

రూతమ్మ గడప దగ్గర గొంతుక్కూర్చుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నవనీత ముఖంలోకే చూస్తోంది. ఆమెకు అక్షరాలు రావు. ఈ ఎనిమిదేళ్ళలో ఏ కాగితం వచ్చినా నవనీత ముఖం చూసే ఆమె సంగతి తెలుసుకునేది.

"ఏమన్నరమ్మా?"

"విచారణ చేస్తుండ్రంట."

"అంటే నా పేరున్నట్టే గద?"

నవనీత నోరు తెరిచింది. నిజం చెప్పాలనే తెరిచింది. కానీ ఆ ఒక్క క్షణంలో పోలీసు జీపు, సుదర్శన్ సారు సస్పెన్షను ఆర్డరు, కాలేజీ గేటు దగ్గర పద్మజను వేలెత్తి చూపించే జనం, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తిరిగాయి.

"ఆఁ, ఉన్నట్టే" అంది.

రూతమ్మ నవ్వింది. పై పన్ను ఒకటి ఊడిపోయిన నవ్వు. "మా ఆయనకు ఫోను చేసి చెప్తనమ్మా. పూనాల పన్నెండంతస్తుల ఇండ్లు కడుతుండు ఆయన. ఎవరెవరికో కడుతున్న గని మనకొక్క అర్ర లేకపాయె అని ఎప్పుడు ఏడుస్తడు."

"కాయితం ఇటియ్యి, సందూకల పెడ్త" అంది నవనీత.

వలస పోయే కుటుంబాలకు అక్కడ ఒక అలవాటుంది. కిరాయి కొట్టాలకు తాళం వేసి పోతారు గానీ రేషను కార్డు, పుట్టిన తేదీ కాగితాలు, ఉన్న ఒక్క వెండి పట్టీల జత, ఇలాంటివన్నీ ఒక రేకు సందూకలో పెట్టి, నమ్మకమున్న ఇంట్లో దాచిపోతారు. రూతమ్మ సందూక నవనీత మంచం కింద ఎనిమిదేళ్ళుగా ఉంది. భర్త యేసయ్య ఒక్కడే వలస పోయి, ఆమె ఊళ్ళోనే ఉండిపోయాక కూడా ఆమె దాన్ని తీసుకుపోలేదు. పెబ్బేరు దారిలో తన కొట్టానికి తలుపు సరిగా లేదు, ఇక్కడే పదిలం అనేది.

ఆ రోజు మాత్రం రూతమ్మ కాగితం ఇవ్వలేదు.

"ఈ ఒక్కటి నా దగ్గర ఉండనియ్యమ్మా. ఆదివారం పాప హాస్టలు నుంచి వస్తది. చూపెడితే సంతోషపడ్తది."

కాగితం మళ్ళీ నాలుగు మడతలై కొంగు ముడిలోకి పోయింది. నవనీత దాన్ని చూస్తూ ఉండిపోయింది. తరవాత, ఎందుకో తనకే తెలియకుండా, రూతమ్మకు చాయ్ తన ఇంటి పింగాణీ కప్పులో పోసి ఇచ్చింది. కిటికీలో బోర్లించి ఉండే స్టీలు గ్లాసును ముట్టుకోలేదు.

రూతమ్మ కప్పు వైపు చూసింది, నవనీత వైపు చూసింది.

"నా గ్లాసు ఏదమ్మా? పోయిందా?"

* * *

శుక్రవారం నవనీత వెంకట్రాములు సారు ఇంటికి పోయింది. ఆయన వరండాలో బోరు లోతుల కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అయితే ఒక పేరు తగ్గింది. మంచిదే గదమ్మా."

"సార్, ఆమెకు ఇల్లు లేదు."

"లేదని నాకు తెల్వదా? నేనేమన్న పగోణ్ణా? కానీ చూడు. నాలుగు వందల అడుగులు పోయినా మన బోరుల చెమ్మ లేదు. ఐదు వందల కుటుంబాలు నీళ్ళెక్కడి నుంచి తాగుతరో సర్కారు చెప్పింది లేదు. ఆ మోరీ ఎక్కడ కలుస్తదో ప్లానుల లేదు. మనం అడిగేది న్యాయం. ఇప్పుడు నువ్వు పోయి ఒక్క ముద్ర దొంగదంటే, మిగిలిన తొంభై మూడు కూడ దొంగవే అంటరు. అంతే."

నవనీత తల ఊపింది. ఆయన చెప్పే నీళ్ళ సంగతి నిజమే. అందులో అబద్ధం లేదు. ఆ నిజం పక్కన తను చేసిన పని పెట్టుకోవడమే ఆమెకు చేతకావడం లేదు.

"నేనొక్కదాన్నే చేసిన అని చెప్తే?"

వెంకట్రాములు సారు గొంతు తగ్గించాడు. "పత్రం రాసింది ఎవరమ్మా?"



పత్రం నవనీత రాయలేదు. నవనీత, వెంకట్రాములు సారు చెప్పారు, సారే దాన్ని కాగితం భాషలోకి మార్చాడు, పద్మజ రాసింది. పద్మజ రాత ముత్యాల వరుసలా ఉంటుందని, దానికి కాలేజీలో బహుమతి కూడా వచ్చిందని, నవనీతే ముచ్చటపడి కూతురి చేతికి కలమిచ్చింది. ప్రతి గడిలో పేరు, ఇంటి నంబరు రాసింది ఆ పిల్లే. తొంభై నాలుగో గడిలో 6-41 అని, పక్కన రూతమ్మ పేరు రాయమన్నప్పుడు పద్మజ ఒకసారి తలెత్తి చూసింది. "రాయే, మనకెందుకు, సారు చెప్పిండు" అంది నవనీత. ఆ పిల్ల రాసింది.

"పరీక్షలు దగ్గరికొచ్చినయి. పాప పేరు ఆఫీసు కాయితాలల్ల ఎక్కుడు మంచిదేనా, నువ్వే ఆలోచించు చెల్లె" అన్నాడు సారు. బెదిరించినట్టు అనలేదు. మేలు కోరినట్టే అన్నాడు. అందుకే అది ఆమెకు మరీ లోపలికి దిగింది.

శనివారం ఆమె ఎక్కడికీ పోలేదు. ఇంట్లో ప్రతి మూలా కడిగింది.

* * *

ఆదివారం సుదర్శన్ సారు ధరూరులో పెండ్లికి పోయాడు. పద్మజ లోపలి అర్రలో చదువుకుంటోంది.

రూతమ్మ ఆదివారాలు ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం వస్తుంది. ఆ రోజు కూతురు ప్రేమలతతో వచ్చింది. తల్లి ఒంటి మీద గుడికి కట్టుకునే తెల్లచీర అలాగే ఉంది. ప్రేమలత పద్మజ చదివే కాలేజీలోనే ఇంటర్ మొదటి సంవత్సరం. రెండు జడలు, చేతిలో ఆ నాలుగు మడతల కాగితం.

రూతమ్మ నేరుగా పెరట్లోకి పోయింది. ఒక నిమిషం తరవాత తిరిగి వచ్చింది.

"బోళ్ళు లేవు."

"నేనే తోమిన" అంది నవనీత.

"మూడు దినాల నుంచి నువ్వే తోముతున్నవు. నాకప్పుడే అర్థం కావాల్సింది." రూతమ్మ గడప దగ్గర కూర్చుంది. "పాపా, చదువు."

"అమ్మా, ఇప్పుడెందుకు?"

"చదువు. ఎనిమిదేండ్లు ఈమె చదివితే నేనిన్న. ఇయ్యాల నువ్వు చదువు, ఈమె ఇంటది."

ప్రేమలత నోటీసు చదివింది. తరవాత కింది కాగితం తిప్పి అభ్యంతర పత్రం చదవడం మొదలుపెట్టింది. తెలుగు క్లాసులో లేచి నిలబడి చదివే గొంతు ఆ పిల్లది. ఎక్కడా వణకలేదు. బోర్ల సంగతి చదివింది, మోరీ సంగతి, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చదివింది. నవనీత గోడ వైపు చూస్తోంది. ఇంకెంత దూరంలో ఉందో ఆమెకు తెలుసు. నాలుగో పేరా.

"'దినకూలీలు, వలస పోయి వచ్చే జనం వందల సంఖ్యలో ఇక్కడ చేరినచో దొంగతనాలు పెరిగి, మా ఆడపిల్లలు కాలేజీలకు భయం లేకుండా పోయి వచ్చే పరిస్థితి ఉండదని మనవి.'"

బోరు లోతులు, మోరీ కొలతలు సారు చెప్పినవి. ఈ ఒక్క వాక్యం మాత్రం నవనీత నోటి నుంచి వచ్చింది. అప్పుడు వరండాలో అందరూ తల ఊపారు. ఎదురింటి జములమ్మ అయితే, నా మనసులో మాట చెప్పినవు అని చెయ్యి పట్టుకుంది.

ప్రేమలత కాగితం దించింది. "ఆంటీ, ఒక్కటడుగుత. పద్మజక్క, నేను ఒకే బాటల నడిచి కాలేజీకి పోతం. 'మా ఆడపిల్లలు' అని రాసిండ్రు. దాంట్ల నేనున్ననా?"

లోపలి అర్ర దర్వాజకు వేలాడే పరదా కింద రెండు పాదాలు కనిపించాయి. పద్మజ అక్కడ నిలబడి వింటోంది. ఎప్పటి నుంచి వింటోందో నవనీతకు తెలియదు. ఆమె చెవులు వేడెక్కాయి. తన ఇంట్లో, తన వరండాలో, ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియకుండా పోయింది.

"పాపా, నువ్వు ఊకో" అంది రూతమ్మ. "అమ్మా, నీళ్ళు చాలవంటే నిజమే. నాకెరుక లేదా? నీ ఇంటి నుంచే రెండు బిందెలు మోస్త నేను. ఐదొందల ఇండ్లకు నీళ్ళెక్కడియని నువ్వు అడగమంటే నేను కూడ అడుగుదును. దానికి ఏలిముద్ర ఏయమంటే పది వేళ్ళూ ఏద్దును. గట్టిగ ఒత్తిన ఆ దినం. నీళ్ళొస్తయని ఒత్తిన."

"రూతమ్మా, నాకు తెల్వలేదు గిట్లయితదని."

"తెల్వకపోవచ్చు. పోనీ. దొంగతనాలంటవా? నీ ఇంటి తాళంచెయ్యి ఎనిమిదేండ్ల నుంచి నా కొంగుకున్నది. నా సందూక నీ మంచం కిందున్నది. ఎవరి ఇంట్ల ఎవరి సొమ్ము పోయిందో చెప్పు."

నవనీత చూపు రూతమ్మ కొంగు ముడి మీదికి పోయింది.

"నేనడిగేది అది కూడ కాదు." రూతమ్మ గొంతు ఇంకా తగ్గింది. అరిచి ఉంటే నవనీతకు కొంత తేలికయ్యేది. "బేస్తారం నాడు నా ముందట కూసోని ఈ కాయితం చదివినవు గద. రెండుసార్లు చదివినవు, నేను చూసిన. చదివి, పేరున్నట్టే అన్నవు. నేను మా ఆయనకు ఫోను చేసి చెప్పిన. ఆయన అక్కడ తోటి కూలోళ్ళకు చాయ్‌లు తాపిచ్చిండంట. అదెందుకు చేసినవు?"

"భయమైంది."

"దేనికి?"

పరదా కింద పాదాలు కదల్లేదు. పద్మజ చేత రాయించిన అని చెప్పడానికి నవనీతకు నోరు రాలేదు. చెబితే రూతమ్మ రేపు ఆఫీసులో ఆ మాటే చెబుతుంది. చెప్పకపోతే తను వట్టి దుర్మార్గురాలిగా మిగులుతుంది. దుర్మార్గురాలిగానే మిగిలింది.

"కేసైతదేమోనని."

"నీకు భయమైతే నాకు ఇల్లు పోవాల్నా?" రూతమ్మ లేచింది. "తొంభై మూడు మందికి ఇండ్లున్నయి. ఒక్కదానికి లేదు. ఆ ఒక్కదానికే ఇల్లున్నదని ఆఫీసుల నమ్మిండ్రు. మంచిగనే రాసిండ్రు. రేపు ఆఖరు దినమంట. పది గంటలకు ఆఫీసుకు రా. ఏలు ఈమెదే గని ఇల్లు ఈమెది కాదు అని నీ నోటితోని చెప్పు. నాకు ఇంకేమొద్దు."

"ఆయన రానీ, అడిగి..."

"ఏలిముద్ర ఏపిచ్చేటప్పుడు సారును అడిగినవా?"

ప్రేమలత లోపలికి పోయి మంచం కింద నుంచి సందూక లాగింది. గచ్చు మీద రేకు గీసుకున్న చప్పుడుకు నవనీత పళ్ళు జివ్వుమన్నాయి. తల్లి దాన్ని తలకెత్తుకుంది. కొంగుకున్న తాళంచెవి విప్పి అరుగు మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం. వాకిళ్ళలో జనం ఉన్నారు. ఎదురింటి జములమ్మ బియ్యం ఏరుతూ కేక వేసింది. "ఏందే రూతమ్మా, అప్పుడే వలస పోతున్నవా?"

"లేదమ్మా" అంది రూతమ్మ, తల మీద సందూక కదలకుండా. "వలస నుంచి వస్తున్న."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నవనీత చూస్తూనే ఉంది. లోపలికి పోయేసరికి పరదా వెనక ఎవరూ లేరు. పద్మజ పుస్తకం ముందు కూర్చుని ఉంది. పుస్తకం తలకిందులుగా లేదు, పేజీ కూడా తిరగలేదు. అన్నం తింటవా అంటే తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం సుదర్శన్ సారు వచ్చాక నవనీత సగం చెప్పింది. సగం మింగింది. "నువ్వు ఎక్కడికీ పోకు. వెంకట్రాములు సారును అడిగి చూద్దాం" అన్నాడాయన. సోమవారం పొద్దున ఏడున్నరకు ఆత్మకూరు బస్సెక్కాడు. ఎనిమిదింటికి పద్మజ కాలేజీ సంచి భుజానికి వేసుకుని, పోతున్న అని కూడా అనకుండా పోయింది. ఆ పిల్ల పుట్టి పదిహేడేళ్ళయింది. చెప్పకుండా గడప దాటడం అదే మొదలు.

ఆ ఖాళీ ఇంట్లో నవనీత చాలాసేపు కూర్చుంది. ప్రతిసారీ జరగబోయేది తలచుకుని భయపడేది ఆమె. ఇప్పుడు జరిగిపోయింది తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. రెండింటిలో భయమే నయమనిపించింది. తొమ్మిదిన్నరకు చీర మార్చుకుని బయలుదేరింది.

* * *

మండలాఫీసు వరండాలో రూతమ్మ ఒక్కతే గోడకానుకుని నిలబడి ఉంది. నవనీతను చూసి పలకరించలేదు. కానీ ముందు నడవమన్నట్టు పక్కకు తప్పుకుంది. ఆ చిన్న మర్యాద కూడా నవనీతకు గుచ్చుకుంది.

ఇండ్ల విచారణ చూసే డిప్యూటీ తహసీల్దారు, అందరూ డీటీ సారు అనేది, యాభై ఏళ్ళ మనిషి. సన్నగా ఉన్నాడు. నవనీతను చూసి కుర్చీ చూపించాడు. రూతమ్మకు చూపించలేదు. నవనీత కూర్చోకూడదనుకుంది గానీ కూర్చుంది.

"చెప్పండమ్మా."

"ఈమె పేరు రూతమ్మ, సార్. మా ఇంట్ల పనిచేస్తది. ఆ 6-41 నంబరు ఇల్లు ఈమెది కాదు. ఈమెకు ఏ ఇల్లూ లేదు. పెబ్బేరు దారిల కిరాయి కొట్టంల ఉంటది. నల్లా నీళ్ళ అర్జీ అని అబద్ధం చెప్పి నేనే ఏలిముద్ర ఏపిచ్చిన."

చెప్పేసింది. పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్న గుమాస్తా వేళ్ళు ఆగాయి. ఇంకో బల్ల దగ్గర ఎవరో కుర్చీ తిప్పుకుని చూశారు. నవనీత తన చేతులనే చూసుకుంటోంది.

డీటీ సారు పైలు తీశాడు. అసలు పత్రం బయటికి లాగి తొంభై నాలుగో వరుస మీద వేలు పెట్టాడు.

"మీరు వచ్చి చెప్పుడు మంచిదే. కానీ నోటిమాట చాలదమ్మా. నేను ఈమె పేరు మళ్ళ ఎక్కిస్తే, మీ కాలనీ అధ్యక్షుడు రేపే ఇంకో అర్జీ పట్టుకొస్తడు, ఎవరో బెదిరించి చెప్పించిండ్రని. పేరు, నంబరు ఈ గడిల రాసిన మనిషే, నేనే తప్పు రాసిన అని సొంత చేతితోని రాసియ్యాలె. రెండు రాతలు కలవాలె. అప్పుడు ఎవరు వచ్చినా ఏం చెయ్యలేరు. సాయంత్రంలోపల అది నా పైలుల ఉంటే ఈమె పేరుంటది. లేకుంటే జాబితా జిల్లాకు పోతది, ఇగ నా చేతుల ఉండదు."

"రాసినోళ్ళకు ఏమైతది సార్?"

"అది పైవాళ్ళు చూస్తరు. నేను ఇప్పుడే చెప్పలేను." ఆయన పత్రం మీంచి కళ్ళెత్తాడు. "ఈ రాత ఎవరిది?"

గోడ మీద ఫ్యాను గిర్రుమంటోంది. రూతమ్మ ఊపిరి కూడా వినపడేంత దగ్గరగా వెనకే నిలబడి ఉంది.

"నాదే సార్" అంది నవనీత.

డీటీ సారు తెల్లకాగితం ఒకటి, కలం ఒకటి ఆమె ముందుకు జరిపాడు. "అయితే రాయండి. మీ పేరుతో మొదలుపెట్టండి."

నవనీత కలం తీసుకుంది. పదో తరగతి తరవాత ఆమె రాసినవి పాల లెక్కలు, ఇంటి సామాను చీటీలు. అక్షరాలు పెద్దవిగా, ఒకటి పైకి ఒకటి కిందికి పడతాయి. ఆమె వీలైనంత గుండ్రంగా రాయబోయింది. 'నవనీత' అని రాసేసరికి చెమట కాగితం మీద పడింది. 'అను నేను' అన్న దగ్గర ఒత్తు జారింది.

డీటీ సారు ఆ రెండు మాటల వైపు చూశాడు. పత్రంలోని ముత్యాల వరుస వైపు చూశాడు. మళ్ళీ ఆమె కాగితం వైపు చూశాడు.

నవనీత ఇంకో మాట రాయడానికి కలం ఆనించింది. అప్పుడు దర్వాజ దగ్గర నుంచి వినపడింది, నిన్నటి నుంచి తనతో ఒక్క మాట కూడా మాట్లాడని గొంతు.

"లే అమ్మా. కలం నాకియ్యి."

నవనీత తల తిప్పలేదు. తిప్పితే అందరికీ తెలిసిపోతుందని కలాన్ని రెండు చేతులతో పట్టుకుని కాగితం మీదికి వంగింది. సంచి కింద పెట్టిన చప్పుడైంది. చెప్పులు విప్పిన చప్పుడైంది. పద్మజ వచ్చి బల్ల పక్కన నిలబడింది.

డీటీ సారు కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. ఎదురుగా వంగి ఉన్న తల్లిని ఒకసారి, నిటారుగా నిలబడ్డ పిల్లను ఒకసారి చూశాడు.

"ఈ పాప ఎవరు?" అని అడిగాడు.

అడిగింది నవనీతను కాదు, పద్మజనూ కాదు. రూతమ్మను.